నవ్వకూడని ఫొటో

"పాప నోరు తెరిస్తే మనల్ని వెనక్కి పంపించేస్తారా?"

ఆ మాట పైకి అనేశాక అతనికే సిగ్గేసింది. డ్యూటీకి బయల్దేరుతూ బూట్ల లేసులు కట్టుకుంటున్న భార్య తలెత్తి చూసింది. "నోరు తెరిస్తే పాలు పట్టు. పంపించేదీ లేదు, ఏదీ లేదు," అని తలుపు లాక్కుని వెళ్ళిపోయింది.

ఆమె ఆసుపత్రిలో నర్సు. పరాయి దేశంలో వాళ్ళ కాపురం నిలబడింది ఆమె వర్క్ వీసా మీదే. అతను కెమిస్ట్రీ చదివి, స్వదేశంలో తాగునీరు పరీక్షించే లాబ్‌లో పనిచేసినవాడు. పాప పుట్టి, భార్య సెలవులు అయిపోయాక అతని ఉద్యోగం పాపే. ఆ ఉద్యోగంలో సెలవులూ లేవు, పైఅధికారికి నచ్చజెప్పుకునే వీలూ లేదు.

భార్య రెసిడెన్స్ పర్మిట్ సంగతి ఆసుపత్రివాళ్ళే చూసుకున్నారు. మిగిలింది అతని పర్మిట్ పొడిగింపు, పాపకు కొత్త పర్మిట్. ఆ రెండు దరఖాస్తులూ కలిపి ఒకే ఫైలుగా, ఇచ్చిన తేదీన, ఇచ్చిన కౌంటర్లో దాఖలు చేయాలి. ఏ ఒక్కటి తగ్గినా ఫైలు తీసుకోరు. ఆ తేదీ తప్పిపోతే మళ్ళీ దొరికే తేదీ నాటికి అతని గడువు దాటిపోతుంది. గడువు దాటితే అతనూ పాపా దేశం వదిలి వెళ్ళి, బయటినుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. అంటే తల్లి ఇక్కడ, పాలు తాగే పిల్ల అక్కడ. అతని భయమల్లా అదే.

ఇంత పెద్ద వ్యవహారమూ పాప ఫొటో దగ్గర చిక్కుకుంది. కళ్ళు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి, సూటిగా చూడాలి. వెనక తెల్లగా ఉండాలి, నీడ పడకూడదు, పట్టుకున్నవాళ్ళ చెయ్యి కనబడకూడదు. నవ్వు అసలే పనికిరాదు. పాపకు ఇంకా మెడే నిలవలేదు. ఆ నియమాలు రాసినవాడికి పిల్లల్లేరని అతనికి గట్టి నమ్మకం కుదిరింది.

శాస్త్రం చదివినవాడు కాబట్టి పద్ధతిగానే మొదలుపెట్టాడు. కిటికీ వెలుగు ఏ వేళకు ఏ గోడమీద పడుతుందో చూశాడు. మంచం మీద తెల్లదుప్పటి పరిచాడు. స్నానం తర్వాత ఒకసారి, పాలు తాగాక ఒకసారి, నిద్ర లేచాక ఒకసారి తీసి చూశాడు. కళ్ళు తెరిస్తే పాప నోరూ తెరిచేది. నోరు మూస్తే కళ్ళూ మూసేది. రెండిటికీ కలిపి ఒకటే స్విచ్చు పెట్టినట్టుంది. రెండూ సరిగ్గా కుదిరిన ఒకే ఒక్క ఫొటోలో పాప చెవి పక్కన అతని బొటనవేలు చక్కగా పోజిచ్చింది.

అతని అవస్థ విని భార్యతో పనిచేసే ఒకావిడ చెప్పింది. పర్మిట్ ఆఫీసు పక్క సందులో ఫొటో స్టూడియో ఉందట, నడిపేది మన భాష మనిషేనట, అందరూ పెద్దమ్మ అంటారట. ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా అట.

సందులో తాళాలు చేసేవాడి కొట్టుకీ, బట్టలుతికే దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉంది స్టూడియో. తలుపు తీస్తే గంట మోగింది. లోపల ఎత్తు తగ్గించి పెంచుకునే గుండ్రటి స్టూలు, వెనక తెల్లటి తెర, రెండు వైపులా గొడుగు దీపాలు. గోడకు అద్దం, అద్దం కింద దువ్వెనలు. అద్దం పక్కన కొక్కేనికి ముదురు నీలం కోటు ఒకటి వేలాడుతోంది. మోచేతుల దగ్గర మెరుపు తేలి ఉంది.

పెద్దమ్మ పొట్టి మనిషి. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుంది. కళ్ళజోడు తాడుకు కట్టి మెడలో వేసుకుంది. అతని గుండెకు కట్టిన సంచిలోంచి తొంగిచూస్తున్న పాపనే ముందు పలకరించింది.

"ఈవిడేనా కస్టమరు? మరి నువ్వెవరు నాయనా, డ్రైవరువా?"

నాన్ననని చెప్పి, ఊపిరి తీసుకోకుండా నియమాలన్నీ అప్పజెప్పాడు. ఇంట్లో తీసిన ఫొటోల్లో మొహం ఎత్తు స్కేలు పెట్టి కొలిచానని కూడా చెప్పాడు. ఆవిడ ఓపికగా విన్నది. ఆ నియమాలు తనకు కొత్తేమీ కాదని గానీ, కొలవడమెందుకని గానీ అనలేదు. మంచి పని చేశావు, కొలత తప్పితే నేనూ మళ్ళీ తీయాల్సిందే అంది. కుర్చీ చూపించి, ఫొటో సంగతి మర్చిపోయి చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చోమంది. ఈలోగా ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డను ఏటవాలు పలకమీద పరిచి, అరచేత్తో రుద్దింది. ఒక్క మడత కనబడినా పాప వెనక గీత పడుతుందట.

పాపను పలకమీద పడుకోబెట్టారు. పెద్దమ్మ రెండు మెట్ల పీట ఎక్కి, కెమెరా పట్టుకుని వంగింది. ఆవిడ భుజం వెనక అతను నిలబడ్డాడు. పాప పైకి చూసింది. తండ్రి మొహం కనబడగానే పెదవి విరిచి రాగం ఎత్తుకుంది. ఎత్తుకుని ఊరుకోబెట్టారు. మళ్ళీ పడుకోబెట్టారు. మళ్ళీ అదే రాగం.

పెద్దమ్మ కెమెరా దించి అతనివైపు తిరిగింది. "పాప తప్పేం లేదు బాబూ. నీ మొహం చూస్తే నాకే ఏడుపొస్తోంది."

ఏం చేస్తుంటావని అడిగింది. నీళ్ళు పరీక్షించేవాణ్ణని చెప్పాడు. అయితే ఆ పరీక్షేదో పాపకు చెప్పు, ఎవరికో కాదు, దానికే చెప్పు అంది. అతను గొంతు సవరించుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక మొదటినుంచే మొదలుపెట్టాడు.

"ముందు సీసాని అదే నీళ్ళతో కడగాలమ్మా. ఇంటినుంచి తెచ్చిన నీళ్ళతో కడగకూడదు, లెక్క తప్పుతుంది. తర్వాత గీత దాకా నింపాలి. అందులో మందు బిళ్ళ వేసి ఊపాలి. గులాబీ రంగు తేలిందనుకో, క్లోరిన్ ఉన్నట్టు..."

చెబుతూ చెబుతూ అతను లాబ్‌లోకి వెళ్ళిపోయాడు. కనుబొమల మధ్య ముడి ఎప్పుడు విడిపోయిందో అతనికి తెలియలేదు. పాపకు తెలిసింది. నోరు మూసుకుని, కళ్ళు ఇంతలు చేసుకుని, క్లోరిన్ సంగతి తేలేదాకా కదలనన్నట్టు చూసింది. కెమెరా క్లిక్కుమంది.

"అయిపోయింది. ఇంత బుద్ధిగా పాఠం విన్న పిల్లని నేను చూళ్ళేదు," అంటూ పెద్దమ్మ పీట దిగింది.

ప్రింటరు వేడెక్కేలోగా అద్దం అంచున దోపిన రెండు చిన్న ఫొటోల మీద అతని చూపు పడింది. రెండిట్లోనూ ఒకే మనిషి, కానీ అక్కచెల్లెళ్ళనుకోవచ్చు. మొదటిదాంట్లోని అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, పెదవులు బిగించి, దొంగతనం ఒప్పుకోబోతున్నట్టుంది. అదెవరని అడిగితే పెద్దమ్మ నవ్వింది. ఆ కథ చెప్పాలంటే ఆవిడకు సరదా.

ఆవిడ ఈ దేశానికి ఆయాగా వచ్చింది. ఒక ఇంట్లో కవలపిల్లల్ని చూసుకునే పని. విమానం దిగిన మర్నాడే పర్మిట్ ఫొటోకని ఈ స్టూడియోకే తీసుకొచ్చారు. నవ్వకూడదని దారిపొడుగునా చెప్పారు. నవ్వకూడదంటే భయపడాలి కాబోలనుకుని, ఉన్న భయానికి ఇంకాస్త కలిపి కూర్చుంది. ఫొటో చెల్లింది. చెల్లినందుకే చిక్కొచ్చింది. ఆ తర్వాత బ్యాంకులో, మందుల షాపులో, బస్సులో, ఎక్కడ కార్డు చూపించినా అవతలివాళ్ళు ఫొటో చూసి, ఆవిడను చూసి, మళ్ళీ ఫొటో చూసేవారు. ఒక టికెట్ చెకింగ్ ఆయనైతే ఏమైనా ఇబ్బందుల్లో ఉన్నావా అని జాలిగా అడిగాడట.

కవలలు పెద్దవాళ్ళయ్యారు. ఆ కుటుంబం ఇంకో దేశం వెళ్ళిపోవడానికి సిద్ధమైంది. ఆవిడ పర్మిట్ ఆ ఇంటి పనితో ముడిపడినది, ఇల్లు పోతే పర్మిట్ పోతుంది. తిరుగు ప్రయాణం కాగితాలకు ఫొటో కావాలని మళ్ళీ ఇక్కడికే వచ్చింది. అప్పట్లో స్టూడియో ఒక ముసలాయనది. ఆయన చేతులు వణికేవి. ఆ రోజు ఒక బుడ్డోడు తెర పీకి, స్టూలు పడదోసి, ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తున్నాడు. తల్లి తల పట్టుకుని కూర్చుంది. పెద్దమ్మ వాణ్ణి చంకనేసుకుని, అలవాటు కొద్దీ ఏదో చెప్పుకుంటూ సందు చివరిదాకా నడిచి వచ్చింది. వచ్చేసరికి వాడు మునీశ్వరుడు. ముసలాయన వణికే చేతుల్తోనే ఫొటో తీశాడు. మరి నువ్వు వెళ్ళిపోతే ఎలా అన్నాడు.

ఆయనే తన దుకాణం పేరుమీద ఆవిడకు వర్క్ పర్మిట్ అడిగాడు. ఈ పనికి ఈ ఊళ్ళో మనిషే దొరకలేదా అని ఆఫీసువాళ్ళు ప్రశ్న వేశారు. ఏడ్చే పిల్లని నిమిషంలో ఊరుకోబెట్టి, నవ్వించకుండా ఆపగలిగే మనిషి మీ దగ్గరుంటే పంపండి, తీసుకుంటానని ఆయన జవాబు రాశాడట. చాలా తిప్పారు గానీ చివరికి ఇచ్చారు. అద్దం మీది రెండో ఫొటో ఆ కొత్త పర్మిట్‌కి ఆయన తీసిందే. కాస్త చెదిరింది. అయినా ఆ ఫొటోలోని మనిషి నవ్వడం లేదు, భయపడడమూ లేదు. ఎవరో తెలిసినవాళ్ళు పిలిస్తే తిరిగి చూసినట్టుంది.

ఆయన పోయాక కూతురు దుకాణాన్ని పెద్దమ్మకే వదిలేసింది. కొక్కేనికున్న కోటు ఆయనదే. తెల్లచొక్కా వేసుకొచ్చిన మగవాళ్ళు తెల్లతెర ముందు కూర్చుంటే తలకాయ ఒక్కటే గాల్లో తేలుతుంది కాబట్టి వాళ్ళకు ఆ కోటు తొడుగుతుంది. ఈ ఊళ్ళో సగంమంది పర్మిట్లలో ఉన్నది ఒకటే కోటు అని చెప్పి పెద్దమ్మ మురిసిపోయింది. పెళ్ళి మాటెత్తిన వాళ్ళకు మాత్రం, తీరిక దొరకలేదు, ఇప్పుడు దొరికితే నిద్రపోతాను అంటుంది.

పాప ఫొటోలు కత్తిరించి కవర్లో పెడుతూ, "నీవి ఉన్నాయా?" అని అడిగింది.

"ఉన్నాయి పెద్దమ్మా."

"ఎప్పటివి?"

"మొన్నమొన్నటివే."

అబద్ధం ఆడుతున్నానని అతను అనుకోలేదు. అంతలో తలుపు గంట మోగి ఇంకో పాప ఏడుస్తూ వచ్చింది. మాట అక్కడితో తెగింది.

ఆ మొన్నమొన్నటివి అతను మొదటిసారి వీసాకు తీయించుకున్న ఫొటోలు. వాడగా నాలుగు మిగిలాయి. వాళ్ళ ఇంట్లో పాస్‌పోర్టు సైజు ఫొటో పారేసిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. వాళ్ళమ్మ దగ్గర అతని హాల్‌టికెట్ల నాటి ఫొటోలు కూడా, ఎందుకైనా పనికొస్తాయని, పాత గుండీలతో కలిపి ఒక డబ్బాలో ఉన్నాయి. ఆ కొడుకే కనుక అతనూ నాలుగు ఫొటోలనీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, సూట్‌కేసు అడుగున దాచి, దేశాలు దాటించాడు. పాప కాగితాలన్నీ పదేపదే సరిచూసుకున్నవాడు తన ఫొటోను ఒక్కసారి తిప్పి కూడా చూడలేదు. మొహం అదే కదా.

ఫైలు ఇవ్వాల్సిన రోజు వచ్చింది. భార్యకు డ్యూటీ మారలేదు. పాపను గుండెకు కట్టుకుని, ఫైలు చంకలో పెట్టుకుని అతనొక్కడే వెళ్ళాడు. హాలునిండా బిగించిన కుర్చీల వరసలు, గోడమీద నంబర్లు మారే బోర్డు. కూర్చున్నవాళ్ళందరూ తెల్లారి పరీక్ష రాయబోయే పిల్లల్లా ఉన్నారు. అతని నంబరు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

కౌంటర్లో కూర్చున్నావిడ ముందు పాప దరఖాస్తు తీసింది. ఫొటో చూసి, అతని గుండె మీద నిద్రపోతున్న పాపను చూసి, తల ఊపింది. అతనిలో సగం గాలి బయటికొచ్చింది. తర్వాత అతని దరఖాస్తు తీసింది. ఫొటో చూసింది. అతన్ని చూసింది. పక్క కౌంటరాయనకు కూడా చూపించింది. ఈయన మీ అన్నయ్యా అని అడిగింది.

అతను కౌంటరు అద్దం దగ్గరికి వంగి, ఇన్ని రోజుల తర్వాత ఆ ఫొటోను సరిగ్గా చూశాడు. బూరెల్లాంటి బుగ్గలు, ఒత్తు మీసం, కంటినిండా నిద్రపోయిన మొహం. పరాయి దేశం పోతున్నాడని చుట్టాలంతా పిలిచి భోజనాలు పెట్టిన రోజుల్లోది. ఇప్పుడు ఆ బుగ్గలు లేవు. మీసం పాపకు గుచ్చుకుంటోందని తీసేశాడు. కళ్ళకింద నల్లచారలు, పైన కొత్త కళ్ళజోడు. నేనేనండీ అన్నాడు గానీ, అతనికే పూర్తిగా నమ్మకం కలగలేదు.

ఆవిడ మర్యాదగానే చెప్పింది. ఫొటో ఇటీవలిదై ఉండాలి, మనిషికి సరిపోవాలి. కౌంటరు మూసేలోపు కొత్తది తెస్తే ఫైలు తీసుకుంటుంది. లేకపోతే కొత్త తేదీ అడగాలి.

కొత్త తేదీ అంటే ఏమిటో అతనికి తెలుసు. పాప తలకు చెయ్యి అడ్డం పెట్టుకుని, నడకా పరుగూ కాని నడకతో సందులోకి వచ్చి పడ్డాడు. స్టూడియో తలుపు మీద 'భోజనం' అన్న అట్టముక్క వేలాడుతోంది. అద్దం మీద వేళ్ళతో కొట్టాడు. కదలిక లేదు. మళ్ళీ కొట్టాడు. లోపల వెనకగది తెర తొలిగింది. పెద్దమ్మ ఎడమచేత్తో గడియ తీసింది. కుడిచెయ్యి ఇంకా ఎంగిలిదే.

సంగతి వినగానే ఆవిడ నొచ్చుకుంది. ఏదీ నీ ఫొటో చూపించు అని ఆ రోజే అడగాల్సింది, పాప మాయలో పడి వదిలేశాను అంటూ చెయ్యి కడుక్కొచ్చింది. అతను తొడుక్కున్నది తెల్లచొక్కా. కొక్కేనికున్న కోటు తీసి తొడిగింది. కోటు చేతులు కాస్త పొట్టి అయ్యాయి. ఫొటోలో చేతులు రావులే అంది.

స్టూలు మీద కూర్చున్నాడు. ఒడిలో ఉన్న పాప కెమెరాకు కనబడదు. క్లిక్కుమంది. పెద్దమ్మ కెమెరా తెరమీద చూపించింది.

"చూడు. అచ్చం నా మొదటి ఫొటోకి తమ్ముడిలా ఉన్నావు."

"చెల్లుతుందా పెద్దమ్మా?"

"చెల్లుతుంది."

"అయితే ఇచ్చెయ్యండి. కౌంటరు మూసేస్తారు."

"ఇంకొక్కటి తీస్తాను."

"నా కొంప మునిగిపోతోంది పెద్దమ్మా. మొహం ఎలా ఉంటే ఏంటండీ ఇప్పుడు?"

పెద్దమ్మకు కోపం రాలేదు. ఆఫీసు మూసే వేళ తనకు తెలుసనీ, ఇంకా వ్యవధి ఉందనీ చెప్పింది. "ఈ కార్డు రేపు పాప బడిలో చూపిస్తావు, ఆసుపత్రిలో చూపిస్తావు. నవ్వకూడదన్నారు గానీ, భయపడమని ఎవరన్నారయ్యా? అలాంటి మొహాన్ని నేనొక్కదాన్ని మోశాను చాల్లే."

ఆ మాట అని, పాపను అతని ఒళ్ళోంచి తీసుకుంది. ఎడమచంకన వేసుకుని కెమెరా వెనక్కి వెళ్ళింది. కెమెరా సంగతి మర్చిపోయినట్టు పాపతో కబుర్లు మొదలుపెట్టింది. "మీ నాన్న చెప్పింది గుర్తుందా? ముందు సీసాని ఇంటినుంచి తెచ్చిన నీళ్ళతో బాగా కడగాలి..."

అతను స్టూలు మీద కదిలాడు.

"తర్వాత బిళ్ళ వేసి ఊపాలి. పచ్చరంగు తేలిందనుకో..."

"గులాబీ పెద్దమ్మా," అన్నాడు, ఆపుకోలేక. అని నోరు మూశాడు. పాప నాన్న గొంతు గుర్తుపట్టి అతనికేసి తల తిప్పింది. అతను పాపను చూశాడు. క్లిక్కుమంది.

"గులాబీ అని నాకు తెలీదేంటి," అంది పెద్దమ్మ ప్రింటరు మీట నొక్కుతూ.

పాపను మళ్ళీ గుండెకు కట్టుకుని, ఫొటోలు పట్టుకుని పరిగెత్తాడు. కౌంటరావిడ ఇంకా అక్కడే ఉంది. కొత్త ఫొటో చూసింది, అతన్ని చూసింది, తర్వాత అతని భుజాలకేసి చూసి పకాలున నవ్వింది. అప్పుడు తెలిసింది, కోటు విప్పలేదని. ఆ కోటును ఎన్నో ఏళ్ళుగా ఫొటోల్లో చూస్తున్నాననీ, నడిచి రావడం మాత్రం ఇదే మొదటిసారనీ ఆవిడ చెప్పింది. పక్క కౌంటరాయన్ను కూడా పిలిచి చూపించింది. నవ్వుతూనే ఫైలు మీద ముద్ర వేసింది. ఆ చప్పుడుకు పాప ఉలిక్కిపడి లేచి, మళ్ళీ నిద్రపోయింది.

కార్డులు వచ్చిన రోజు భార్య రెండిటినీ వంటింటి బల్లమీద పక్కపక్కన పెట్టి చూసింది. పాప కార్డును ముద్దుపెట్టుకుని, అతనిది ఎత్తి పట్టుకుంది. "ఈ కోటు ఎక్కడిదయ్యా? బాగుంది గానీ మనిషివి చిక్కిపోయావు," అంది. ఇంకాసేపు చూసి, "చూపు మాత్రం బాగా వచ్చింది. ఎవరిని చూస్తున్నావు?" అని అడిగింది. అతను పాపను చూపించాడు.

మర్నాడు పాపను ఎత్తుకుని కార్డులు చూపించడానికి స్టూడియోకు వెళ్ళాడు. ఉతికించిన కోటు కూడా తీసుకెళ్ళాడు. భుజం మీద పాప కక్కిన పాలమరక ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు. పెద్దమ్మ వెలుగులో పెట్టి చూసి, ఉండనీలే, కెమెరాకు కనబడదు అని కొక్కేనికి తగిలించింది. ఆ రోజు మిగిలిపోయిన ఫొటోలు రెండుంటే ఇమ్మని అడిగాడు. ఆవిడ ఇవ్వలేదు. ఇస్తే మళ్ళీ సూట్‌కేసు అడుగున దాస్తావు, అవసరమైతే మొహం తీసుకుని రా అంది.

బయల్దేరుతుంటే టీకాల సంగతి ఎత్తాడు. వచ్చేవారం పాపను తీసుకెళ్ళాలి, అక్కడా కౌంటరే, అక్కడా నంబరే, ఇప్పట్నుంచే గుండె దడగా ఉందన్నాడు. పెద్దమ్మ పాప చెంప నిమిరి, తలుపు తెరిచి పట్టుకుని చెప్పింది. ఆ తర్వాత టీకాల గదిలోనూ, కొత్త లాబ్‌లో తన ఉద్యోగం ఇంటర్వ్యూలోనూ, అతను ఆవిడ చెప్పినట్టే చేశాడు, ఇప్పటికీ చేస్తున్నాడు.

"నంబరు పిలవగానే కాగితాలకేసి చూడకు బాబూ, అవెక్కడికీ పోవు. ముందు పాప మొహం చూడు, పక్కన లేకపోతే తలుచుకో. అప్పుడు నీకు ఏ మొహం వస్తుందో, దాంతోనే లోపలికి వెళ్ళు."